క్షీరసాగరానికి రెండో సగం: అంకోర్‌లో అమ్మతో ఐదు రోజులు

అమ్మ రోజూ చదువుకునే భాగవతంలో పేజీ గుర్తుగా ఒక ఫొటో ఉండేది. ఏదో పాత వారపత్రిక నుంచి ఆమే కత్తిరించి దాచుకున్న నలుపు తెలుపు ఫొటో అది. అందులో రాతిగోడ మీద ఒకరి వెనుక ఒకరుగా నిలబడి వాసుకి శరీరాన్ని లాగుతున్న అసురులు ఉంటారు. కింద ‘కంబోడియాలోని అంకోర్ వాట్’ అన్న మాట తప్ప మరే వివరమూ లేదు. బొమ్మ మందరగిరి దగ్గరకు వచ్చేసరికి కాగితం అయిపోయింది. “ఇటు వీళ్లున్నారు సరే, అటు దేవతలు ఎలా ఉన్నారో” అని అమ్మ నా చిన్నతనం నుంచీ అంటూనే ఉంది.

ఆ రెండో సగాన్ని ఆమెకు చూపించాలని నేను డబ్బు దాచడం మొదలుపెట్టి పదకొండేళ్లయింది. ఒకసారి నాన్న వైద్యానికి, ఒకసారి ఇంటి మరమ్మతుకు ఆ మొత్తం కరిగిపోయింది. మూడోసారి అంతా సిద్ధమయ్యాక 2020 వచ్చి సరిహద్దులు మూసుకుపోయాయి. ఈ జనవరిలో బయలుదేరేనాటికి అమ్మకు డెబ్బై ఒకటో ఏడు నడుస్తోంది, మోకాళ్లు మునుపటిలా సహకరించడం లేదు. తిరిగి వచ్చి వారం కాకముందే, ఏదీ మరచిపోకుండా ఇది రాస్తున్నాను.

జనవరి 17, సియెం రియప్

అంకోర్ ఆలయాలన్నిటికీ కలిపి ఒకే టికెట్టు ఉంటుంది. ఒక రోజుకు 37 డాలర్లు, మూడు రోజులకు 62, ఏడు రోజులకు 72. మూడు రోజుల టికెట్టును పది రోజుల లోపు ఎప్పుడైనా వాడుకోవచ్చు కాబట్టి, మధ్యలో అమ్మకు విశ్రాంతి ఇవ్వవచ్చునని మేము అదే తీసుకున్నాము. కౌంటరు దగ్గరే ఫొటో తీసి టికెట్టు మీద ముద్రించి ఇస్తారు. అమ్మ తన ముఖమున్న ఆ కార్డును రెండు చేతులతో అందుకుని, చాలాసేపు చూసుకుని, కొంగున కట్టుకుంది. ప్రతి టికెట్టు నుంచి రెండు డాలర్లు కాంతా బోఫా పిల్లల ఆసుపత్రికి వెళతాయని తెలిసినప్పుడు, ఆ ఖర్చు మనసుకు తేలికగా అనిపించింది.

ఆ రాత్రి భోజనం దగ్గరే మాకు మొదటి పరీక్ష ఎదురైంది. ఖ్మేర్ వంటలో, అంటే కంబోడియా వంటలో, చేపల రసం ఉప్పులాంటిది, అది పడని కూర అరుదు. అమ్మ శాకాహారి. మేము దిగిన వసతిగృహంలో పనిచేసే అమ్మాయి నాకు మూడు మాటలు నేర్పింది: “అత్ త్రెయ్, అత్ సాచ్, అత్ తుక్ త్రెయ్.” చేప వద్దు, మాంసం వద్దు, చేపల రసం కూడా వద్దు అని అర్థం. మూడో మాట అనకపోతే మొదటి రెండూ వృథా అని ఆమె మరీ మరీ చెప్పింది. కూరగాయలు, కొబ్బరిపాలు వేసి అరటాకు దొన్నెలో ఆవిరి మీద ఉడికించిన ఆమోక్ తెప్పించుకున్నాము. అమ్మ మొదటి ముద్దను అనుమానంగానే తీసుకున్నా, దొన్నె అడుగు కనిపించేదాకా తిన్నది.

డబ్బు ఇచ్చేటప్పుడు మా దగ్గరున్న ఇరవై డాలర్ల నోటును యజమానురాలు దీపం ముందు పట్టి చూసి, అంచున గోరంత చిరుగు ఉందని మర్యాదగా తిరిగి ఇచ్చేసింది. అక్కడ చిరిగిన డాలరును ఎవరూ తీసుకోరు. చిల్లర మాత్రం రియెల్‌లలో ఇస్తారు, డాలరుకు సుమారు నాలుగు వేలు. నోటు ఇచ్చినా పుచ్చుకున్నా రెండు చేతులూ వాడటం అక్కడి పద్ధతి. అమ్మ అది ఒక్కసారి చూసి నేర్చుకుంది.

జనవరి 18, అంకోర్ వాట్

సూర్యోదయానికి కొలను ఒడ్డున నిలబడ్డ వందలాది మందిలో మేమూ ఉన్నాము. ఆకాశం ముందు నీలమై, తరువాత నారింజ రంగుకు తిరిగి, అయిదు శిఖరాలూ నీటిలో తలకిందులుగా కనిపించిన ఆ కొన్ని నిమిషాలు అందంగానే ఉన్నాయి. కానీ ఆ అందం గురించి ఇప్పటికే చాలామంది రాశారు. అమ్మ మనసు మాత్రం అప్పటికే గోడల మీద ఉంది.

పన్నెండో శతాబ్దపు తొలి సగంలో రెండవ సూర్యవర్మ విష్ణువు కోసం కట్టించిన ఆలయమిది. చుట్టూ 190 మీటర్ల వెడల్పున కందకం ఉంటుంది. ఎక్కువ ఖ్మేర్ ఆలయాలలా తూర్పుకు కాక పడమటికి తిరిగి ఉండటం దీని ప్రత్యేకత. పడమటి గోపురంలోకి అడుగుపెట్టగానే కుడివైపు గదిలో నిలువెత్తును మించిన ఎనిమిది చేతుల విగ్రహం ఉంది. స్థానికులు ‘తా రీచ్’ అని పిలిచే ఆ మూర్తికి పట్టువస్త్రం కట్టి, తామరమొగ్గలు పెట్టి, అగరువత్తులు వెలిగిస్తున్నారు. రూపం విష్ణువుది, పూజ మాత్రం వాళ్ల పద్ధతిలో సాగుతోంది. అమ్మ ఒక్క క్షణం నా వైపు చూసి, అక్కడున్న ఆడవాళ్ల పక్కనే మోకాళ్ల మీద కూర్చుని నమస్కరించింది. వాళ్లు జరిగి చోటు ఇచ్చి, ఆమె చేతికి ఒక అగరువత్తి అందించారు.

మేము రోజుకు నలభై డాలర్లకు ఒక గైడును మాట్లాడుకున్నాము. నలభై దాటిన మనిషి, మాట నెమ్మది. అమ్మను మొదటి మాట నుంచే ‘యేయ్’ అన్నాడు, అంటే నాయనమ్మో అమ్మమ్మో. నన్ను ‘బోంగ్’ అన్నాడు. అక్కకైనా అన్నకైనా అక్కడ అదే మాట. వరస కలపకుండా మనిషిని పిలవడం ఖ్మేర్ భాషలో కుదరదని ఆయన చెప్పినప్పుడు అమ్మ మెచ్చుకోలుగా తల ఊపింది.

అయితే మండపం మెట్లెక్కి ఆయన కుడివైపుకు దారి చూపగానే అమ్మ ఆగిపోయింది.

“గుడిని ఎడమచేతి వైపు పెట్టుకుని తిరుగుతారటే? అటు కాదు, ఇటు పోదాం” అన్నది.

నేను ఆమె అభ్యంతరాన్ని ఇంగ్లీషులో చెప్పాను. గైడు నవ్వలేదు, తీసిపారేయలేదు. ఇక్కడి శిల్పకథలు అప్రదక్షిణంగానే సాగుతాయని, గుడి పడమటికి తిరగడమూ కథలు ఈ దిక్కున నడవడమూ చూసి ఇది రాజు అంత్యక్రియలకు సంబంధించిన కట్టడం కావచ్చునని పండితులు కొందరు భావిస్తారని వివరించాడు. అమ్మ కాసేపు ఆలోచించింది. “సరే, కథ ఎటు పోతే అటే చదవాలి కదా. కానీ ప్రదక్షిణ బాకీ ఉంది, గుర్తుపెట్టుకో” అన్నది నాతో.

మొదటి గోడ కురుక్షేత్రం. కింది వరుసలో కాల్బలం, పై వరుసల్లో ఏనుగులు, రథాలు. ఎడమ నుంచి కౌరవులు, కుడి నుంచి పాండవులు వచ్చి మధ్యలో ఒకరి మీద ఒకరు పడుతున్నారు. గైడు సైన్యాల వివరం చెప్పబోతుండగానే అమ్మ పై వరుసలో ఒకచోట వేలు చూపించి “భీష్ముడు” అన్నది. ఆయన ఆగి, చేతిలోని కాగితాలు మూసేశాడు. ఒంటినిండా బాణాలతో పడుకుని ఉన్న ఆ వృద్ధుడి చుట్టూ మనుషులు చేరి ఉన్నారు. ఆ పైన అమ్మ చెప్పడం, నేను ఇంగ్లీషు చేయడం, ఆయన తనకు తెలిసినది జోడించడం, ఇలా నడిచాము. దక్షిణపు గోడ మీద గొడుగుల నీడలో సూర్యవర్మ స్వయంగా ఊరేగుతున్నాడు. ఆ తరువాత దున్న మీద యముడు, తీర్పు చెప్పే చిత్రగుప్తుడు, ముప్పై రెండు నరకాలు వస్తాయి. ఏ నరకం ఏ పాపానికో పక్కనే చిన్న అక్షరాలలో చెక్కి ఉంది.

తూర్పు మండపంలోకి తిరిగేసరికి పదిన్నర దాటింది. సంచిలో నుంచి అమ్మ తన కాగితం తీసింది. నలభై తొమ్మిది మీటర్ల పొడవున ఒకే రాతి గోడ, తొంభై ఇద్దరు అసురులు. ఫొటోలో ఉన్న వాళ్లను వెతుకుతూ అడుగులో అడుగు వేసుకుంటూ నడిచి, ఒకచోట నిలబడి, “ఇక్కడివాళ్లే” అన్నది. ఫొటోలో తెలియనిది అక్కడ తెలిసింది. అందరి కాళ్లూ ఒకే కోణంలో వంగి, అందరి పిక్కలూ ఒకేలా బిగిసి ఉన్నాయి, వందలాది ఏళ్లుగా చేతులు తాకీ తాకీ కొన్ని తొడల మీద రాయి నల్లగా అద్దంలా మెరుస్తోంది. ఇప్పుడు తాకనివ్వరు, తాడు కట్టారు.

తరువాత మధ్యభాగం వస్తుంది. కూర్మం మీద మందరగిరి, దాని ముందు విష్ణువు ఉన్నారు. నన్ను ఆపేసింది మాత్రం అడుగున ఉన్న సముద్రం. కవ్వానికి దూరంగా చేపలు, మొసళ్లు నిండుగా ఈదుతున్నాయి. దగ్గరకు వచ్చేకొద్దీ ఆ సుడికి తట్టుకోలేక రెండుగా తెగిపోయి ఉన్నాయి. ఒక చేప తల ఇటు, తోక అటు. అమృతం కోసం చిలుకుతుంటే అడుగున ఉన్న ప్రాణాలకు ఏమైందో ఆలోచించి చెక్కిన ఆ శిల్పి ఎవరో తెలియదు.

ఆ పైన దేవతలు, ఎనభై ఎనిమిది మంది. అమ్మ వాళ్ల ముందు ఏమీ మాట్లాడకుండా నడిచింది. అసురుల ముఖాలు బిగుసుకుని ఉంటే వీళ్లవి ప్రశాంతంగా ఉన్నాయి. చివరన వాసుకి తోకను ఎత్తి పట్టుకున్నది ఒక వానరుడు. హనుమంతుడని గైడు చెప్పగానే అమ్మ మౌనం వీడింది. “క్షీరసాగరం చిలికేనాటికి హనుమంతుడెక్కడివాడు?” అని అడిగింది. సుగ్రీవుడని అనేవాళ్లూ ఉన్నారని ఆయన చెప్పినా, అది ఆ ప్రశ్నకు జవాబు కాదు. ఆమె మళ్లీ వానరుడి వైపు తిరిగి, “బలమైన పని ఉంటే ఆయన లేకుండా వీళ్లకూ తోచలేదన్నమాట” అని తనకు తానే సమాధానపడింది.

పైఅంతస్తు అయిన బకాన్‌కు వెళ్లే మెట్లు చాలా నిటారుగా ఉంటాయి. అమ్మ కింద నీడన కూర్చుంటే నేను ఒక్కదాన్నే ఎక్కి దిగాను. పైనుంచి అడవి తప్ప ఊరు కనిపించదు.

జనవరి 19, అంకోర్ థోమ్, తా ప్రోమ్

టుక్‌టుక్‌కు రోజుకు పద్దెనిమిది డాలర్లు. పాత రాజధాని నగరం అంకోర్ థోమ్ దక్షిణ ద్వారం ముందు వంతెనకు ఒకవైపు యాభై నలుగురు దేవతలు, మరొకవైపు యాభై నలుగురు అసురులు నాగుణ్ణి పట్టుకుని కూర్చున్నారు. నిన్న గోడ మీద చూసిన కథే ఇక్కడ దారికి ఇరువైపులా ఉంది, మన టుక్‌టుక్ దాని మధ్య నుంచి వెళుతుంది.

ఏడవ జయవర్మ రాజు కట్టించిన ఆలయమైన బాయోన్‌లో ఎటు తిరిగినా రాతి ముఖమొకటి కళ్లు సగం మూసి మనల్ని చూస్తుంటుంది. అక్కడే గైడుకూ అమ్మకూ ఒక ఆట మొదలైంది. ముఖాన్ని వాళ్లు ‘ముక్’ అంటారు. భాషను ‘ఫియెసా’, అక్షరాన్ని ‘అక్సార్’, గురువును ‘క్రూ’ అంటారు. అంకోర్ అన్న పేరు కూడా ‘నగరం’ అన్న మాట నుంచి వచ్చినదే. ఆయన ఒక మాట అనడం, అమ్మ దాని మూలాన్ని పట్టుకోవడం, ఒక గంట అలా గడిచింది. నాకు మాత్రం బాయోన్ బయటి గోడలే ఎక్కువ నచ్చాయి. అక్కడ దేవుళ్లు తక్కువ. సంతలో తూకం వేసే ఆడవాళ్లు, కోడిపందెం చుట్టూ మూగిన మగవాళ్లు, పురుడు పోసుకుంటున్న ఒక తల్లి, చేపలతో నిండిన నీళ్ల మీద యుద్ధపు పడవలు ఉన్నాయి. ఎనిమిది వందల ఏళ్ల కిందటి మామూలు రోజు అది.

మధ్యాహ్నం తా ప్రోమ్‌కు వెళ్లాము. దారి పక్కన చెట్ల కింద, మందుపాతరల వల్ల కాళ్లూ చూపూ కోల్పోయిన కళాకారులు వాద్యాలు వాయిస్తూ కూర్చుని ఉన్నారు. అమ్మ వాళ్ల ముందున్న గిన్నెలో రెండు చేతులతో డబ్బు పెట్టి, ఆ పాట పూర్తయ్యేదాకా నిలబడింది.

1186లో జయవర్మ ఈ ఆలయాన్ని తన తల్లి పేర ప్రతిష్ఠించాడు. లోపల 12,640 మంది నివసించేవారని, చుట్టుపక్కల గ్రామాల నుంచి దాదాపు ఎనభై వేల మంది దీనిని పోషించేవారని ఇక్కడి శాసనం చెబుతుంది. ఇప్పుడు పైకప్పుల మీద కూర్చున్న మహావృక్షాల వేళ్లు గోడలను పట్టి పిండుతున్నాయి. చెట్టు తీస్తే గోడ కూలుతుంది, ఉంచితే గోడ విడిపోతుంది. భారత పురావస్తు శాఖ ఇక్కడ ఏళ్ల తరబడి పని చేసింది. కొన్నిచోట్ల వేళ్ల కింద ఉక్కు ఆధారాలు కనిపిస్తాయి. తల్లి కోసం కట్టించిన గుడి అని చెప్పినప్పుడు అమ్మ ఏమీ అనలేదు. బయటకు వచ్చేటప్పుడు మాత్రం, ఎత్తు గడపల దగ్గర వద్దనకుండా చేయి అందివ్వనిచ్చింది.

జనవరి 20, దారి తప్పిన సాయంత్రం

తొన్లే సాప్ సరస్సుకు వెళదామనుకున్న రోజు ఇది. అమ్మ మోకాళ్లు వాచాయి. మానుకున్నాము.

సాయంత్రం నొప్పి కొంత తగ్గాక పాత బజారు దాకా వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు నది దాటవలసిన వంతెన వదిలేసి మరొకటి దాటాను. వీధి దీపాలు తగ్గిపోయాయి, దుకాణాలు లేవు. ఒక ప్రహరీ వెనుక నుంచి పారాయణ వినిపించింది. “బుద్ధం శరణం” అన్నంతవరకు ఇద్దరికీ తెలిసింది. లోపలికి వెళితే పదిహేను మంది భిక్షువులు వరుసగా కూర్చుని ఉన్నారు. గుమ్మం దగ్గర తెల్లబట్టలు కట్టుకుని తల గొరిగించుకున్న ఒక ముసలామె చాప చూపించి మమ్మల్ని కూర్చోమన్నది. భిక్షువుల వైపు పాదాలు చాపకూడదు. వంగని మోకాళ్లతో అమ్మ పడుతున్న అవస్థ చూసి ఆమే లేచి వెళ్లి ఒక చిన్న పీట తెచ్చి వేసింది.

పారాయణ అయ్యాక ఆమె మాకు అరటిపళ్లు ఇచ్చింది. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. అమ్మ నన్ను చూపించి, ఒక వేలు పైకెత్తింది. నేను ఒక్కదాన్నే అని. ఆమె అయిదు వేళ్లూ చూపించి, తరువాత వాటిలో మూడింటిని ఒక్కొక్కటిగా మడిచింది. ఇంగ్లీషు వచ్చిన ఒక యువ భిక్షువు దగ్గరకు వచ్చి, అది నియంత పోల్ పోట్ పాలించిన కాలమని మెల్లగా చెప్పాడు. 1975 నుంచి 1979 వరకు, నాలుగేళ్లు కూడా నిండని ఆ కాలంలో ఆ దేశం తన ప్రజల్లో పదిహేను లక్షలకు పైగా మనుషులను ఆకలికీ, రోగాలకూ, హత్యలకూ పోగొట్టుకుంది. అమ్మకు నేను వివరించవలసిన అవసరం రాలేదు. ఆ మడిచిన మూడు వేళ్లను తన రెండు చేతుల్లోకి తీసుకుని కూర్చుంది. ఎంతసేపో నేను చూడలేదు.

ఆ యువకుడు గేటు దాకా వచ్చి దారి చెప్పాడు. మా వసతిగృహం అక్కడికి రెండు వీధుల దూరమే.

జనవరి 21, బంతెయ్ స్రెయ్, మళ్లీ అంకోర్ వాట్

ఉత్తరానికి వెళ్లే దారిలో ప్రెయహ్ డాక్ అనే ఊళ్లో ఇంటింటి ముందూ పొయ్యి మీద పెద్ద మూకుళ్లలో తాటిపాకం ఉడుకుతోంది. గట్టిపడిన బెల్లాన్ని చిన్న బిళ్లలుగా పోసి, తాటాకులో చుట్టి అమ్ముతారు. పక్కనే వెదురు బొంగుల్లో కాల్చిన క్రలాన్ ఉంది. బంక బియ్యం, గింజలు, కొబ్బరిపాలు కలిపి బొంగులో కూరి, నిప్పుల పక్కన నిలబెట్టి కాలుస్తారు. అమ్మే ఆమె బొంగును అరటితొక్కలా ఒలిచి ఇచ్చింది. లోపలి పలుచని పొర అన్నానికి అంటుకుని వస్తుంది, దానితోనే తినాలి. డాలరుకు రెండు. చేపల రసం గురించి అడగవలసిన పని లేని మొదటి భోజనం కనుక, అమ్మ ఇంకో రెండు కట్టించుకుంది.

బంతెయ్ స్రెయ్‌ను కట్టించింది రాజు కాదు, యజ్ఞవరాహుడనే పండితుడు. 967లో ప్రతిష్ఠ జరిగింది. గులాబీ రంగు ఇసుకరాయి మీద వేలి గోరంత స్థలం కూడా వదలకుండా చెక్కారు. రావణుడు కైలాసాన్ని కదిలిస్తుంటే పార్వతి శివుణ్ణి పట్టుకోవడం, ఖాండవ దహనంలో ఇంద్రుడి వాన చారలను బాణాలు అడ్డుకోవడం చూస్తుంటే, కొయ్య మీద చేసే పని రాతి మీద ఎలా చేశారని ఆశ్చర్యం కలుగుతుంది. 1923లో ఇక్కడి దేవతా శిల్పాలను కోసి తీసుకువెళ్లి పట్టుబడ్డ ఫ్రెంచి యువకుడు ఆంద్రే మాల్రో, తరువాతి కాలంలో ఫ్రాన్స్ సాంస్కృతిక మంత్రి అయ్యాడు. ఆ సంగతి విని అమ్మ కోపం పట్టలేకపోయింది. నాకూ అంతే.

టికెట్టుకు ఆఖరి సాయంత్రం మిగిలింది. మూడున్నరకు మళ్లీ అంకోర్ వాట్ మెట్ల దగ్గర ఉన్నాము. ఈసారి గైడు లేడు. అమ్మ ఎడమవైపుకు తిరిగింది, గుడి కుడిచేతి వైపుకు వచ్చింది. మండపాల చుట్టుకొలత దాదాపు ఎనిమిది వందల మీటర్లు. మోకాళ్లకు గుడ్డ కట్టుకుని, మూలమూలకూ కూర్చుంటూ నడిచింది. ముందు లంకాయుద్ధం వచ్చింది. హనుమంతుడి భుజాల మీద నిలబడి రాముడు బాణం వేస్తున్నాడు. తూర్పు మండపంలో ఈసారి తోక పట్టిన వానరుడూ, దేవతలూ ముందు వచ్చారు, అసురులు తరువాత. కథ వెనక్కి నడిచింది. నరకాల నుంచి రాజు ఊరేగింపుకు, ఊరేగింపు నుంచి యుద్ధానికి.

ఆఖరి గోడ మొదట్లోనే కాపలాదారు వచ్చి గడియారం చూపించాడు. మూసే వేళయింది. అమ్మ అతనికి ఆ గోడ చివరను చూపించి, చేతులు జోడించింది. అతను ఆమె కాళ్లకు కట్టిన గుడ్డలను చూశాడు. తానూ చేతులు జోడించి, పక్కకు తప్పుకుని, మా వెనుక నాలుగడుగుల దూరంలో మా నడకకు సరిపెట్టుకుంటూ వచ్చాడు. పడమటి ఎండ స్తంభాల మధ్య నుంచి గోడ మీద పడి, పాండవుల ఏనుగులు, కౌరవుల రథాలు ఒక్కొక్కటిగా వెలిగి ఆరిపోతున్నాయి. భీష్ముడి దగ్గర అమ్మ ఆగింది. కాపలాదారు కూడా ఆగాడు.